మెదడులోని నీటి గదులు: దారి మూసుకుపోతే ఏమవుతుంది?

మెదడు గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఈ ఎపిసోడ్‌లో మెదడు లోపల ఉండే గదుల గురించి చెప్పుకుందాం. వీటిని ఇంగ్లీషులో వెంట్రికల్స్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో కోష్ఠకాలు అని, జఠరికలు అని రాస్తుంటారు. నేను ఈ రోజు వెంట్రికల్స్ అనే అంటాను, ఎందుకంటే మీ చేతికి వచ్చే స్కాన్ రిపోర్టులో అదే మాట ఉంటుంది.

ఆ రిపోర్టులో "వెంట్రికల్స్ పెద్దవయ్యాయి" అని కనిపిస్తే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. "తలలో నీరు చేరిందట" అని చుట్టుపక్కల వాళ్ళకి చెప్తారు. నిజానికి ఆ నీరు ఎక్కడి నుంచో కొత్తగా వచ్చి చేరింది కాదండి. అది పుట్టక ముందు నుంచీ మన అందరి తలలోనూ ఉంది, రోజూ తయారవుతూనే ఉంది. బయటికి పోవాల్సింది పోవడం లేదు, అంతే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ఆ గదులు ఎలా ఉంటాయో చూద్దాం. మన తెలుగు నేలలో కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులు మీరు చూసే ఉంటారు. పైన ఒక చెరువు నిండితే అలుగు పారి, మత్తడి దూకి, కింద చెరువులోకి నీళ్ళు వెళ్తాయి. అది నిండితే ఇంకా కిందికి వెళ్తాయి. మెదడులో కూడా సరిగ్గా అలాంటి ఏర్పాటే ఉంది. మొత్తం నాలుగు చెరువులు.

అన్నిటికంటే పైన ఉన్నవి రెండు. మెదడు కుడి సగంలో ఒకటి, ఎడమ సగంలో ఒకటి. వీటిని లేటరల్ వెంట్రికల్స్ అంటారు. పొట్టేలు కొమ్ములాగా వంపు తిరిగి ఉంటాయి. ముందుకు ఒక కొమ్ము, వెనక్కి ఒక కొమ్ము, కిందికి చెవి వైపు ఒక కొమ్ము. ఈ రెండు గదుల నుంచి చెరో చిన్న రంధ్రం మూడో గదిలోకి తెరుచుకుంటుంది. ఆ రంధ్రాల పేరు మన్రో రంధ్రాలు. మూడో వెంట్రికల్ మెదడుకు నట్టనడుమ సన్నని చీలికలాగా ఉంటుంది. అక్కడి నుంచి నాలుగో గదికి వెళ్ళే దారి ఒక సన్నని గొట్టం. సిల్వియస్ కాలువ అంటారు. పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్, వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఈ మొత్తం దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు అదే. మూసుకుపోయే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

నాలుగో వెంట్రికల్ తల వెనక భాగంలో ఉంటుంది. దాని ముందు మెదడు కాండం, వెనక చిన్న మెదడు. నాలుగో గదికి మూడు బయటి దారులు ఉన్నాయి. వాటిలోంచి నీరు బయటపడి మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరుగుతుంది. చివరికి నడినెత్తి కింద ఉండే పెద్ద రక్తనాళంలోకి, చిన్న చిన్న బుడిపెల్లాంటి వాటి ద్వారా ఇంకిపోతుంది. ఈ మధ్య పరిశోధనల్లో ఇంకా వేరే దారులు కూడా ఉన్నాయని తేలింది గానీ, మనకి ఈ పూట ఇంత చాలు.

ఇక ఆ నీరు. దాన్ని మస్తిష్క మేరు ద్రవం అంటారు, డాక్టర్లు సి.ఎస్.ఎఫ్. అంటారు. చూడటానికి మంచినీళ్ళలా తేటగా ఉంటుంది. ఈ గదుల లోపల గోడలకి కోరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల కుచ్చులు ఉంటాయి. రక్తం నుంచి ఈ నీటిని ఎక్కువ భాగం తయారు చేసేవి అవే. పెద్దవాళ్ళలో ఏ సమయంలో చూసినా తలలోనూ వెన్నులోనూ కలిపి ఈ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. ఒక టీ గ్లాసు అనుకోండి. కానీ రోజుకి తయారయ్యేది దాదాపు 500 మిల్లీలీటర్లు. అంటే రోజుకి మూడుసార్లకు పైగా పాత నీరు పోయి కొత్త నీరు వస్తోందన్నమాట. ఇప్పుడు ఆలోచించండి, బయటికి పోయే దారి మూసుకుపోయినా ఈ తయారీ మాత్రం ఆగదు. పై నుంచి వాన కురుస్తూనే ఉంది, అలుగు మాత్రం పూడిపోయింది. కట్ట మీద ఒత్తిడి పెరగక ఏం చేస్తుంది?

అసలు ఈ నీరు ఎందుకు అని మీరు అడగొచ్చు. బావిలోంచి నీళ్ళు తోడేటప్పుడు బిందె నీళ్ళలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉంటుంది, నీళ్ళ పైకి రాగానే బరువు తెలుస్తుంది. మెదడు బరువు సుమారు 1400 గ్రాములు. ఈ ద్రవంలో తేలుతూ ఉండటం వల్ల అది తన కింది భాగాల మీద మోపే బరువు 50 గ్రాములంతే. లేకపోతే మెదడు తన బరువుకి తనే నలిగిపోయేది. దెబ్బ తగిలినప్పుడు కాపాడటం, వ్యర్థాల్ని తీసుకుపోవడం కూడా ఈ నీటి పనులే.

పూర్వం ఈ గదుల మీద చాలా ఊహలు ఉండేవి. మధ్యయుగాల యూరప్‌లో ఊహాశక్తి ముందు గదిలో, ఆలోచన మధ్య గదిలో, జ్ఞాపకం వెనక గదిలో ఉంటాయని నమ్మేవాళ్ళు. 16వ శతాబ్దం మొదట్లో లియొనార్డో డావిన్సీ ఎద్దు మెదడులోకి కరిగించిన మైనం ఎక్కించి, గట్టిపడ్డాక చుట్టూ ఉన్న కండని తీసేసి, ఆ గదుల అసలు ఆకారం చూశాడు. ఆలోచన, జ్ఞాపకం ఆ గదుల్లో లేవని తర్వాత తేలింది. కానీ ఒక మాట నిజమే. ఆ గదులు ఉబ్బితే నడక, ఆలోచన, జ్ఞాపకం మూడూ దెబ్బతింటాయి.

దారి మూసుకుపోయి ఈ గదులు ఉబ్బే జబ్బుని హైడ్రోకెఫలస్ అంటారు. ఇది ఏ వయసులో వచ్చిందన్నదాన్ని బట్టి దాని రూపం మారిపోతుంది. కారణం పుర్రె. పెద్దవాళ్ళ పుర్రె మూత వేసిన ఇనప్పెట్టె లాంటిది. లోపల మెదడు, రక్తం, నీరు ఉంటాయి. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలి, లేదా ఒత్తిడి పెరగాలి. పసిబిడ్డలకి అలా కాదు. ఎముకల మధ్య అతుకులు ఇంకా కలవలేదు, మాడు పూడలేదు. కాబట్టి లోపల నీరు పెరిగితే తల పెరుగుతుంది.

అందుకే మొదట పసిబిడ్డల సంగతి చెప్తాను. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకి రెండేసి సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలలు ఒక్కో సెంటీమీటరు, ఆ తర్వాత నెలకి అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఏడాదికి 46 దరిదాపుల్లో ఉంటుంది. టీకాకి తీసుకెళ్ళినప్పుడల్లా బరువుతో పాటు తల కొలత కూడా తీసి కార్డులో రాయమని అడగండి. ఒక్కసారి కొలిస్తే పెద్దగా ఉపయోగం లేదు, వరుసగా కొలిస్తేనే పెరిగే వేగం తెలుస్తుంది. కొన్ని కుటుంబాల్లో తండ్రికీ తాతకీ కూడా తల పెద్దదిగానే ఉంటుంది, బిడ్డ హాయిగా ఆడుకుంటూ ఉంటుంది. అది జబ్బు కాదు. కానీ కొలత గీత దాటి గబగబా పైకి పోతుంటే మాత్రం ఊరుకోకూడదు.

మాడుకి నూనె పెట్టేది అమ్మమ్మలే కాబట్టి ఈ మాట వాళ్ళకే చెప్తున్నాను. బిడ్డ ఏడవకుండా, కూర్చోబెట్టి పట్టుకున్నప్పుడు కూడా మాడు ఉబ్బి గట్టిగా తగులుతుంటే, నుదుటి మీద నరాలు తేలి కనిపిస్తుంటే, కనుపాప కిందికి దిగిపోయి పైన తెల్లగుడ్డు కనిపిస్తుంటే, పాలు తాగకుండా వాంతులు చేసుకుంటూ మత్తుగా పడి ఉంటే, అది దిష్టి కాదు. వెంటనే పిల్లల డాక్టరుకి చూపించాలి. మాడు తెరిచి ఉన్నంతకాలం దాని గుండానే అల్ట్రాసౌండ్ చేసి గదుల్ని చూడొచ్చు. మత్తు అక్కర్లేదు, రేడియేషన్ ఉండదు.

పిల్లల్లో ఇది ఎందుకు వస్తుంది? కొందరికి సిల్వియస్ కాలువ పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో ఆ గదుల పక్కన ఉండే సున్నితమైన రక్తనాళాలు చిట్లి, రక్తం గడ్డకట్టి దారి మూస్తుంది. మెదడు పొరలకి ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గాక మచ్చలు మిగిలి దారి మూసుకోవచ్చు. వెన్నెముక సరిగా మూసుకోకుండా, నడుము దగ్గర తిత్తితో పుట్టే బిడ్డల్లో కూడా చాలామందికి ఇది వస్తుంది. ఈ చివరి రకాన్ని చాలావరకు రానివ్వకుండా ఆపొచ్చు. ఫోలిక్ యాసిడ్ మాత్ర వల్ల. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి రోజుకి 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్ళీ అలా జరిగే అవకాశం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వాళ్ళు నడిపిన పెద్ద అధ్యయనంలో తేలింది. మామూలుగా అయితే రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. అసలు చిక్కు ఎక్కడుందంటే, గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే బిడ్డ వెన్ను మూసుకోవడం అయిపోతుంది. నెల తప్పిందని తెలిసి, ఆస్పత్రికి వెళ్ళి, మాత్రలు మొదలుపెట్టేసరికి ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడే, గర్భం రాకముందే మొదలుపెట్టాలి.

ఇక పెద్ద పిల్లలు, నడివయసు వాళ్ళు. ఇక్కడ పుర్రె పెరగదు కాబట్టి ఒత్తిడి నేరుగా మెదడు మీద పడుతుంది. పొద్దున్న లేవగానే ఎక్కువగా ఉండే తలనొప్పి, వాంతి, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, మత్తు. వీటి వెనక గడ్డ ఉండొచ్చు. మన దేశంలో మరచిపోకూడనివి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి మెదడు పొరలకి వచ్చే క్షయ, అంటే టి.బి. ఇందులో గదులు ఉబ్బడం చాలా తరచుగా చూస్తాం. రెండోది బద్దెపురుగు తిత్తులు. ఒక్కోసారి ఆ తిత్తి నాలుగో గదిలోకి చేరి బిరడాలాగా అడ్డుపడుతుంది. రెండు వారాలుగా జ్వరం, తలనొప్పి, మనిషి చిరాకుగా మత్తుగా ఉంటే టైఫాయిడ్ అనుకుంటూ రోజులు గడపకండి.

మనవాళ్ళకి ఉన్న ఒక భయం గురించి కూడా చెప్పాలి. వెన్నులోంచి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయంటారు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది పెట్టేది దానికి ఇంకా కింద. కాబట్టి ఆ భయం అక్కర్లేదు. అయితే గడ్డ వల్లో ఇంకే అడ్డు వల్లో దారి మూసుకున్నప్పుడు కింది నుంచి నీరు తీయడం ప్రమాదం. అందుకే అనుమానం ఉంటే ముందు స్కాన్ చేస్తారు. స్కాన్ ఎందుకు రాశారని డబ్బు లెక్కలు వేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం. ఇంట్లో 65, 70 దాటిన పెద్దాయన ఉన్నారనుకోండి. ఏడాది కిందటి దాకా పొద్దున్నే నడిచి వెళ్ళి పేపరు తెచ్చుకునేవారు. ఇప్పుడు అడుగు పడటం లేదు. పాదాలు నేలకి అంటుకుపోయినట్టు, జరుపుకుంటూ, కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తున్నారు. వెనక్కి తిరగాలంటే నాలుగైదు అడుగులు వేయాల్సి వస్తోంది. తర్వాత కొన్నాళ్ళకి బాత్‌రూమ్ చేరేలోపే పంచె తడిసిపోతోంది. ఆ తర్వాత మాట మందగించింది, దేని మీదా ఆసక్తి లేదు, అడిగినదానికి చాలాసేపటికి జవాబు. ఇంట్లో అందరూ ఏమంటారు? "వయసైపోయింది కదండీ" అంటారు.

వయసే కావచ్చు. కానీ నడక, మూత్రం, మతి, ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు ఒక్కసారి ఈ గదుల్ని చూడాల్సిందే. దీన్ని నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అంటారు, ఎన్.పి.హెచ్. అని పిలుస్తారు. దీన్ని కనిపెట్టిన కథ కొలంబియా దేశంలో మొదలైంది. 1957లో బొగోటా నగరంలో సాలొమోన్ హకీం అనే న్యూరోసర్జన్ దగ్గర, కారు ప్రమాదంలో దెబ్బతిని స్పృహ సరిగా లేని 16 ఏళ్ళ కుర్రాడు ఉన్నాడు. గదులు పెద్దవయ్యాయి, కానీ నీటి ఒత్తిడి కొలిస్తే మామూలుగానే ఉంది. పరీక్ష కోసం 15 మిల్లీలీటర్ల నీరు తీశారు. మర్నాటికి ఆ కుర్రాడు మాటలు మాట్లాడాడు. ఒత్తిడి మామూలుగా ఉన్నప్పుడు నీరు తీస్తే మనిషి ఎందుకు బాగుపడ్డాడు? ఆ ప్రశ్నని హకీం వదల్లేదు. 1965లో బోస్టన్ డాక్టర్లతో కలిసి ఈ జబ్బుని వైద్యలోకానికి వివరించాడు.

ఆయన ఇచ్చిన వివరణ ఇదీ. ఒత్తిడి అంతే ఉన్నా, గోడ వైశాల్యం పెరిగితే మొత్తం మీద పడే బలం పెరుగుతుంది. చెరువు పెద్దదైతే కట్ట మొత్తం మీద పడే భారం పెరిగినట్టు. కాళ్ళకీ మూత్రసంచికీ వెళ్ళే నరాల తంతువులు ఈ గదుల గోడ పక్కగానే పోతాయి కాబట్టి అవి ముందు దెబ్బతింటాయని చాలాకాలంగా చెప్తున్నారు.

దీన్ని మిగతా జబ్బుల నుంచి ఎలా వేరు చేస్తారు? అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు మతిమరుపు వస్తుంది, నడక చాలాకాలం బాగానే ఉంటుంది. ఇందులో ముందు నడక పోతుంది. పార్కిన్సన్స్‌లో నడిచేటప్పుడు చేతులు ఊగడం తగ్గుతుంది, చెయ్యి వణుకుతుంది. ఇందులో చేతులు చాలావరకు మామూలుగానే ఊగుతాయి. ఇవి మొదటి గుర్తులు మాత్రమే, ఒకే మనిషికి రెండు జబ్బులు ఉండొచ్చు కూడా. ఇంకో జాగ్రత్త. వయసుతో మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దవిగా కనిపిస్తాయి. కాబట్టి స్కాన్ ఒక్కటే చూసి ఆపరేషన్‌కి పరిగెత్తకూడదు.

అందుకే ఒక పరీక్ష చేస్తారు. ముందు పెద్దాయన్ని నడిపించి వీడియో తీస్తారు, ఎన్ని అడుగులు, ఎన్ని సెకన్లు అని లెక్కపెడతారు. వెన్నులోంచి 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీస్తారు. కాసేపటి తర్వాత మళ్ళీ నడిపిస్తారు. నడక బాగుపడితే, ఆపరేషన్ చేస్తే మేలు జరిగే అవకాశం ఉందని అర్థం. మారకపోతే లేదని కచ్చితంగా చెప్పలేం, కొందరికి రెండు మూడు రోజులు నెమ్మదిగా నీరు తీసి చూస్తారు. ఆపరేషన్ తర్వాత అన్నిటికంటే బాగా మెరుగయ్యేది నడక. మతిమరుపు అంతగా తగ్గకపోవచ్చు. ఎంత తొందరగా గుర్తిస్తే అంత మంచిది. మంచానికే పరిమితమై ఏళ్ళు గడిచాక చేస్తే ఫలితం తక్కువ.

ఇక వైద్యం. ప్రధానంగా రెండు పద్ధతులు. మొదటిది షంట్. మెదడు గదిలోంచి ఒక సన్నని సిలికాన్ గొట్టం, చెవి వెనక చర్మం కింద ఒక వాల్వ్, అక్కడి నుంచి మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందే పొట్టలోకి ఇంకో గొట్టం. ఎక్కువైన నీరు పొట్టలోకి వెళ్ళి శరీరంలో కలిసిపోతుంది. బయటికి ఏమీ వేలాడదు. పిల్లలకైతే ఎదుగుదలకి సరిపడా గొట్టం పొట్టలో అదనంగా ఉంచుతారు.

ఈ వాల్వ్ వెనక తండ్రుల కథలు ఉన్నాయి. 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే టెక్నీషియన్, తన కొడుకు కేసీ కోసం పనిచేసే వాల్వ్ తయారు చేశాడు. 1960లో న్యూయార్క్‌లో పిల్లల రచయిత రోల్డ్ డాల్ కొడుకు, నెలల పసివాడు, టాక్సీ ప్రమాదంలో తలకి దెబ్బతిన్నాడు. పెట్టిన షంట్ మాటిమాటికీ మూసుకుపోయేది. ఆయన ఊరుకోలేదు. బొమ్మ విమానాల ఇంజన్లకి చిన్న పంపులు చేసే స్టాన్లీ వేడ్‌ని, న్యూరోసర్జన్ కెన్నెత్ టిల్‌ని కలిపి కొత్త వాల్వ్ చేయించాడు. అది సిద్ధమయ్యేసరికి తన కొడుక్కి దాని అవసరం తీరిపోయింది. కానీ ఎందరో పరాయి బిడ్డలకి పనికొచ్చింది. ముగ్గురూ దాని మీద లాభం తీసుకోలేదు.

మన దేశంలోనే తక్కువ ఖరీదులో తయారయ్యే ఛాబ్రా షంట్ ఉంది. యుగాండాలో 195 మంది పిల్లల్లో దీన్నీ, ఎన్నో రెట్లు ఖరీదైన విదేశీ షంట్‌నీ పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2005లో ప్రచురించారు. కాబట్టి ఖరీదైనది కొనడానికి డబ్బు కూడే దాకా ఆగుదాం అనుకోవద్దు. ప్రభుత్వ పథకం కింద వస్తుందేమో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి.

రెండో పద్ధతి ఎండోస్కోపీ. దారిలో అడ్డు ఉన్నవాళ్ళకి, మూడో గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి కొత్త దారి ఇస్తారు. చెరువుకి కావాలని గండి కొట్టినట్టు. గొట్టం అక్కర్లేదు. కానీ అందరికీ కుదరదు.

షంట్ ఉన్నవాళ్ళ ఇంట్లో ఒక్క మాట రాసి పెట్టుకోవాలి. షంట్ మూసుకుపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ రావచ్చు, అది ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లో వస్తుంది. షంట్ ఉన్న బిడ్డకి వాంతులు, తలనొప్పి, మత్తు వస్తే "తిన్నది అరగలేదు" అనుకుని తెల్లారేదాకా ఆగకండి. అదే రాత్రి న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. జ్వరం వచ్చినా, గొట్టం పొడవునా ఎర్రబడినా చూపించాలి. బాగున్నప్పుడు తీసిన స్కాన్ దాచి ఉంచండి, పోల్చడానికి అది చాలా అవసరం. వాల్వ్ పేరు రాసి ఉన్న కార్డు దగ్గర పెట్టుకోండి. అయస్కాంతంతో సరిచేసే రకం వాల్వ్ అయితే ఎం.ఆర్.ఐ. తీశాక దాని సెట్టింగ్ మారిందేమో చూపించుకోవాలి.

షంట్ పెట్టించుకున్న పిల్లలు చాలామంది బడికి వెళ్తారు, చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు. వాళ్ళని తలలో గొట్టం ఉన్న పిల్లలుగా చూడకండి.

మొత్తం మీద మూడు మాటలు. పసిబిడ్డ తల కొలత ప్రతిసారీ రాయించండి. పొద్దున్న తలనొప్పితో వాంతి ఉంటే స్కాన్ వాయిదా వేయకండి. పెద్దవాళ్ళకి నడక, మూత్రం, మతి మూడూ కలిసి తప్పుతుంటే వాళ్ళు నడుస్తుండగా ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి న్యూరాలజిస్టుకి చూపించండి. అది వయసే అయితే పోయేదేమీ లేదు. వయసు కాకపోతే ఆయన మళ్ళీ తన కాళ్ళ మీద వెళ్ళి పేపరు తెచ్చుకునే అవకాశం ఉంది.